చిటపట అనే మాట దొరికిన చోటు

2022 సెప్టెంబరు చివరలో, ఇంగ్లండులోని ఒక విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రోఅకూస్టిక్ సంగీతం, శబ్దకళ అనే ఎమ్మే కోర్సులో చేరిన మొదటి వారంలోనే మాకు ఒక అభ్యాసం ఇచ్చారు. దీపాలు ఆర్పేసిన స్టూడియోలో 8 సెకన్ల ధ్వని ఒకటి పదే పదే వినిపించి, అది దేని నుంచి పుట్టిందో చెప్పకుండా, ఎలా ఉందో మాత్రమే ఒక పేజీ రాయమన్నారు. వస్తువు పేరు వస్తే ఆ వాక్యం చెల్లదు; ‘ఫలానాది పగిలినట్టు’, ‘ఫలానాది దొర్లినట్టు’ అనే పోలికలూ చెల్లవు. నా తోటివాళ్లు మెరుపు, గరుకు, పలుచన, చలువ అంటూ కంటి నుంచీ చర్మం నుంచీ అరువు తెచ్చుకున్న విశేషణాలతో పేజీ నింపారు. నేను ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాసి, నాలుగూ కొట్టివేసి, చివరకు పేజీ అంచున తెలుగులో ఒకే ఒక్క మాట రాసుకున్నాను: గలగల.

గాజులు గలగలలాడతాయి. చిల్లర నాణేలు గలగలలాడతాయి. ఎండుటాకులకూ, సెలయేటికీ, డబ్బాలో పోసి ఊపిన చింతగింజలకూ, తడుముకోకుండా మాట్లాడే మనిషికీ తెలుగులో అదే మాట. ఆ వస్తువుల మధ్య పోలిక ఏమీ లేదు. ఒకటి గాజు, ఒకటి లోహం, ఒకటి నీరు, ఒకటి గొంతు. వాటి ధ్వనుల మధ్య మాత్రం ఉంది. చిన్న చిన్న కణాలు, ఒక్కొక్కటి విడిగా చెవికి అందేంత ఎడంతో, ముందుగా ఊహించలేని క్రమంలో, ఏ ఒక్క స్వరం మీదా నిలవకుండా రాలుతూ ఉంటాయి. నేను రాయవలసిన పేజీ అంతా ఆ నాలుగు అక్షరాలలో ఉంది. మరునాడు మా అధ్యాపకురాలికి ఈ మాట పలికి వినిపించి, దానికి ఎందరు యజమానులున్నారో వివరించినప్పుడు, ఇలాంటివి మీ భాషలో ఇంకెన్ని ఉన్నాయని ఆమె అడిగారు. ఆ రాత్రి హాస్టల్ గదిలో కూర్చుని విశాఖపట్నం పెదవాల్తేరులో ఉన్న మా అమ్మకు ఫోన్ చేసి, ఇద్దరం కలిసి తొంభైకి పైగా మాటలు పోగు చేశాము.

చదువు ముగించుకుని విశాఖపట్నం తిరిగి వచ్చినప్పటి నుంచి, నేను ఏం చదివానని అడిగేవారికి సమాధానం చెప్పడానికి నేను వాడుతున్నది ఆ మాటల పట్టికనే. సంగీతమా, ఇంజనీరింగా అని అడుగుతారు. రెండింటి పనిముట్లూ ఇందులో ఉన్నాయి గాని, ఈ విద్యకు కేంద్రం వేరే చోట ఉంది. వీణ మీదనో గొంతులోనో పుట్టే స్వరాలే సంగీతానికి ముడిసరుకు అన్న నియమాన్ని పక్కనబెట్టి, వినబడే ఏ ధ్వనినైనా రికార్డు చేసి, కోసి, సాగదీసి, పొరలు పొరలుగా పేర్చి, లౌడ్‌స్పీకర్ల ద్వారా వినిపించే రచనలు చేయడం ఈ విద్యలోని పని. అలా చేయాలంటే ముందుగా ప్రతి ధ్వనినీ దాని పుట్టుకతో సంబంధం లేకుండా వినగలగాలి.

పారిస్‌లో ఫ్రెంచి రేడియోలో ఇంజనీరుగా పనిచేసిన పియెర్ షెఫేర్ 1948లో బాతిన్యోల్ స్టేషన్‌కు వెళ్లి రైలింజన్ల చప్పుళ్లు రికార్డు చేసి, వాటితోనే ఒక చిన్న రచన కూర్చారు. అదే ఏడాది అక్టోబరు 5న మరి నాలుగు రచనలతో కలిపి ‘చప్పుళ్ల కచేరీ’ అనే పేరుతో అది రేడియోలో ప్రసారమైంది. అప్పటికి ఆయన చేతిలో టేపు లేదు, గ్రామఫోన్ రికార్డులే ఉన్నాయి. రికార్డు మీది గాడి లోపలికి సాగిపోకుండా తనను తానే కలుసుకునేలా చెక్కితే, నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డు మీద సుమారు ముప్పావు సెకను ధ్వని అంతులేకుండా మళ్లీ మళ్లీ వస్తుంది. పదిసార్లు విన్నాక రైలు మాయమవుతుంది. ఒరిపిడి, ఊపు, బరువు మిగులుతాయి. గంట ధ్వనిలో కొట్టిన క్షణాన్ని తీసివేస్తే మిగిలిన భాగం గంటలా వినబడదన్న సంగతి కూడా ఆయన కనిపెట్టినదే. నేను ఇంటి నుంచి తీసుకువెళ్లిన పూజగంటతో ఆ ప్రయోగం చేసి చూశాను. మొదటి పదోవంతు సెకను కోసేసరికి, రోజూ ఉదయం మా ఇంట్లో మోగే ఆ గంట, ఎవరో దూరాన నెమ్మదిగా ఊదుతున్న వాద్యమై కూర్చుంది. ఒక వస్తువును మనం చెవితో గుర్తుపట్టడం ఎంతగా ఆ తొలి దెబ్బ మీద ఆధారపడి ఉందో ఆ రోజు అర్థమైంది.

ఇది యూరప్‌లోనే మొదలైందని చాలాచోట్ల రాస్తారు. కాని షెఫేర్‌కు నాలుగేళ్ల ముందే, 1944లో, కైరోలో హలీమ్ ఎల్ దబ్ అనే యువకుడు తీగ మీద రికార్డు చేసే యంత్రాన్ని అరువు తెచ్చుకుని, జార్ అనే స్త్రీల పూనకపు తంతును రికార్డు చేసి, ఆ ధ్వనిని రేడియో స్టేషన్‌లోని ప్రతిధ్వని గదుల గుండా పంపి కొత్త రచన చేశారు. ఇక జర్మనీలో కొలోన్ రేడియో స్టూడియోవారు 1950ల మొదట్లో, బయటి చప్పుళ్లతో పని లేకుండా, విద్యుత్తుతో పుట్టించిన శుద్ధ స్వరాలతోనే రచనలు చేయాలని పట్టుబట్టారు. 1956లో స్వరకర్త స్టాక్‌హౌజెన్ అక్కడే ఒక బాలుడి గొంతునూ విద్యుత్ స్వరాలనూ ఒకే రచనలో కలిపిన తరవాత ఆ రెండు దారుల మధ్య గోడ పలుచబడింది. ఎలక్ట్రోఅకూస్టిక్ అనే పేరు ఆ రెండు దారులకూ కలిపి వాడతారు.

నా ఆసక్తి అంతా షెఫేర్ తరవాత చేసిన పని మీద నిలిచింది. ఆయన 1966లో ఒక పెద్ద గ్రంథం రాసి, మూలం మరచి వినే ధ్వనులన్నిటినీ వర్గీకరించబోయారు. ధ్వని కాలంలో నిలిచే తీరును బట్టి ఆయన చేసిన మొదటి విభజన మూడు రకాలు: ఒక్క దెబ్బతో ముగిసేది, తెంపు లేకుండా సాగేది, చిన్న దెబ్బల వరుసగా వచ్చేది. ఈ మూడు గడుల పట్టికను తెర మీద చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే మన భాష ఆ విభజనను వ్యాకరణంలోనే చేసి పెట్టింది. ఒక్క దెబ్బ అయితే టప్పున, ధన్‌మని, ఖంగున అంటాము. సాగేది అయితే గుయ్యిమని, హోరుమని, జుమ్మని అంటాము. దెబ్బల వరుస అయితే మాటను రెండుసార్లు పలికి టకటక, గలగల, చిటపట అంటాము. టప్పున పడిన మామిడికాయ ఒకటే. టపటప రాలినవి చాలా. ఈ తేడాను పిల్లలకు ఎవరూ నేర్పరు, తప్పుగా వాడే పిల్లవాణ్ణి నేను చూడలేదు.

అచ్చుల సంగతి ఇంకా ముచ్చటైనది. కిలకిల, కలకల, గలగల, గుడగుడ అని వరుసగా పలికి చూడండి. పైనుంచి కిందికి దిగుతున్నట్టు ఉంటుంది. ‘ఇ’ పలికేటప్పుడు నోటిలో రెండో అనునాదం సెకనుకు 2000 కంపనాలకు, అంటే 2000 హెర్ట్జ్‌కు పైన ఉంటుంది, ‘ఉ’ పలికేటప్పుడు అది సుమారు 1000 హెర్ట్జ్‌కు లోపలికి పడిపోతుంది. కాబట్టి ధ్వనిలోని శక్తి ఏ ఎత్తున పోగుపడిందో మన మాట అచ్చుతో చెబుతోంది, ఆరంభం ఎంత పదునైనదో హల్లుతో చెబుతోంది. న్యూజీలాండ్‌లో పుట్టి ఇంగ్లండులో పనిచేసిన స్వరకర్త డెనిస్ స్మాలీ 1986లో ధ్వనివర్ణపటం, అంటే ధ్వనిలోని శక్తి ఏ ఎత్తుల్లో ఎంత ఉందో తెలిపే పటం, కాలంలో ఆకారం మార్చుకునే తీరును వర్ణించడానికి ఒక పదజాలాన్ని ప్రతిపాదించారు. ఏడాది పొడుగునా మేము వాడిన పరిభాష అదే. దానిని నేను ఎంతో గౌరవిస్తాను. అయినా నా నోటుపుస్తకంలో ప్రతి ధ్వని పక్కనా ముందు తెలుగు మాట రాసి, ఆ తరవాతే ఆ పరిభాషలోని పదం రాసుకునేదాన్ని. తెలుగు మాట నోటితో పలికితే ధ్వని సగం వినబడుతుంది. పరిభాష చదివితే అర్థమవుతుంది, వినబడదు.

మన మాటలన్నీ ఇలాంటివే అని చెప్పడం సరికాదు. ఘీంకారం ఏనుగుదే, సకిలింపు గుర్రానిదే, రంకె ఎద్దుదే. జంతువుల అరుపుల దగ్గర మన భాష మూలాన్ని గట్టిగా పట్టుకుంటుంది. యంత్రాల దగ్గరకు వచ్చేసరికి కొత్త మాటలు పుట్టడం నెమ్మదించింది. నేను పట్టికలో వదిలిపెట్టిన ఖాళీలన్నీ దాదాపు యంత్రాలవే.

కోర్సు నడిచే పద్ధతి గురించి కొద్దిగా చెబుతాను. చాలావరకు రాత పరీక్షలు లేవు. ఏడాది చివర రచనల సంపుటి ఒకటి, వాటిని ఎలా చేశామో వివరించే వ్యాసం ఒకటి ఇవ్వాలి. వారంలో రెండు రోజులు తరగతులు, మిగిలిన రోజులు స్టూడియోలో వంతుల ప్రకారం పని. మాక్స్, ప్యూర్ డేటా, సూపర్‌కొలైడర్ వంటి సాఫ్ట్‌వేర్లలో ప్రోగ్రాములు రాయడం నేర్పుతారు. ఇంజనీరింగులో సిగ్నల్ ప్రాసెసింగ్ చదివినందువల్ల నాకు అది తేలికైంది. కష్టమైనది వినడం. ఒక సెమిస్టరు మొత్తం ప్రతి గురువారం రెండు గంటలు, చీకట్లో, ఎనిమిది స్పీకర్ల మధ్య కూర్చుని, ఇతరుల రచనలు విని, విన్నదాన్ని గురించి మాట్లాడాము. ఎంత నచ్చినా, నచ్చకపోయినా, ‘బాగుంది’ అనే మాట అక్కడ చెల్లదు.

ఆ విశ్వవిద్యాలయపు లైబ్రరీలో చదువుతుండగా మన ఊరి పేరు అనుకోని చోట తగిలింది. సి. వి. రామన్ బాల్యం విశాఖపట్నంలో గడిచిందని మనకు తెలుసు. ఆయన తండ్రి ఇక్కడి ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు, రామన్ సెయింట్ అలోషియస్ బడిలో చదివి, తరవాత అదే కళాశాలలో చదివారు. కాంతి మీద ఆయన చేసిన పరిశోధనకు నోబెల్ రావడానికి చాలా ముందే ఆయన సంగీత వాద్యాల మీద పనిచేశారు. సాధారణంగా తోలు వాద్యపు ఉపస్వరాలకు, అంటే మూల స్వరంతో పాటు పుట్టే పై స్వరాలకు, ఒక లెక్క కుదరదు, అందుకే డప్పుకు నిలకడైన శ్రుతి ఉండదు. మృదంగం కుడి మూత మీద నల్లని పూత బరువు వల్ల ఆ ఉపస్వరాలు వరుసలోకి వచ్చి, తీగకు ఉన్నట్టే శ్రుతి కుదురుతుందని 1920లో శివకాళి కుమార్‌తో కలిసి ఆయన చూపించారు. 1921లో వీణ, తంబురాల గురించి మరో సంగతి చెప్పారు. తీగను ఏ బిందువు దగ్గర మీటుతామో, ఆ బిందువు దగ్గర కదలిక లేని ఉపస్వరాలు పుట్టకూడదని పాశ్చాత్య శాస్త్రం చెబుతుంది. మన తంబురాలో అవి పుడుతున్నాయి, ఎందుకంటే తీగ ఆనుకునే చోటు పదునైన అంచు కాదు, కొద్దిగా వంపు తిరిగిన పలక. మా అమ్మమ్మ తంబురా తీగ కింద నూలుపోగు పెట్టి, దాన్ని వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతూ, ‘జీవం పలికిందా లేదా’ అని అడగడం నా చిన్నప్పటి రోజూవారీ దృశ్యం. ఆమె ఆ నూలుపోగుతో చేసినది ఉపస్వరాల కూర్పు. మా స్టూడియోలో ఫిల్టర్లతో మేము చేసినది కూడా అదే పని.

అహ్మదాబాద్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1969లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ అక్కడి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజర్ అనే విద్యుత్ వాద్యంతో ఒక ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో నెలకొల్పారు. గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్, జిన్‌రాజ్ జోషిపురా, ఐ. ఎస్. మాథుర్, ఎస్. సి. శర్మ అనే భారతీయులు 1972 వరకు అందులో రచనలు చేశారు. తరవాత ఆ టేపులు దశాబ్దాల పాటు అల్మరాలో ఉండిపోయాయి. పాల్ పర్గస్ అనే కళాకారుడు వాటిని వెలికి తీసి శ్రద్ధగా పరిశీలించిన తరవాత 2023లో అవి రికార్డుగా విడుదలయ్యాయి. ఆ స్టూడియో నడిచిన మూడేళ్లు ఒక బడిగా నిలిచి ఉంటే, నేను ఈ విద్య కోసం సముద్రాలు దాటవలసిన అవసరం ఉండేది కాదేమో అనిపిస్తుంది. ఈ కళ మనది కాదని ఎవరైనా అన్నప్పుడు నాకు ముందుగా ఆ అల్మరా గుర్తుకు వస్తుంది.

చివరి రచనకు వస్తువును ఎంచుకోవలసి వచ్చినప్పుడు నేను ఎక్కువ ఆలోచించలేదు. ఫ్రెంచి స్వరకర్త లూక్ ఫెరారీ, యుగోస్లావియా తీరంలోని ఒక చేపల పల్లెలో ఎన్నో తెల్లవారుజాముల చప్పుళ్లు రికార్డు చేసి, వాటిని ఒకే ఉదయంగా అనిపించేలా కూర్చిన సుమారు 20 నిమిషాల రచనను 1970లో పూర్తి చేశారు. పడవ ఇంజన్లు, మాటలు, కీచురాళ్లు, అంతే. దాన్ని విన్న గురువారం నుంచి మన ఫిషింగ్ హార్బరు నా తలలో మోగుతూనే ఉంది. 2023 జూన్ మొదటి వారంలో రికార్డరు, రెండు మైకులు, నీటిలో ముంచే హైడ్రోఫోన్ ఒకటి తీసుకుని ఇంటికి వచ్చాను.

అప్పుడు వేట నిషేధం నడుస్తోంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, చేపలు గుడ్లు పెట్టే కాలంలో, 61 రోజుల పాటు మరబోట్లు సముద్రంలోకి వెళ్లవు. హార్బరు అంటే గోల అనుకుని వచ్చిన నాకు దొరికినది దానికి పూర్తిగా భిన్నమైనది. ఒడ్డున కట్టి ఉంచిన వందల బోట్లు అల వచ్చినప్పుడల్లా ఒకదానినొకటి రాసుకుని కిర్రుమంటున్నాయి. ఎక్కడో చెక్క మీద సుత్తి దెబ్బ, దానికి అవతలి ఒడ్డు నుంచి ప్రతిధ్వని. వలలు బాగుచేసుకుంటున్న కలాసీల మాటలు. మైకులను 17 సెంటీమీటర్ల ఎడంతో, 110 డిగ్రీల కోణంలో పెట్టి, గాలి తగలకుండా బొచ్చు తొడుగు వేసి, తెల్లవారుజామున నాలుగు గంటలకు మొదలుపెట్టేదాన్ని. సెకనుకు 96,000 నమూనాల చొప్పున రికార్డు చేస్తే గంటకు సుమారు 2 జీబీ అవుతుంది. పది రోజుల్లో కార్డులన్నీ నిండిపోయాయి.

ఏడో రోజు ఒక పెద్దాయన తన బోటు పక్క నుంచి హైడ్రోఫోన్ దించనిచ్చారు. నీటిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1500 మీటర్లు, గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా ఎక్కువ. ధ్వని ఏ దిక్కు నుంచి వచ్చిందో పసిగట్టడానికి మన చెవులకు అలవాటైన తేడాలు అక్కడ పనిచేయవు. అన్నీ తల లోపలే పుట్టినట్టు ఉంటాయి. దూరపు ఓడ ఒకటి అడుగున జుమ్మంటోంది. దాని మీద, ఎడతెగకుండా, నూనెలో తాలింపు గింజలు పేలుతున్నట్టు ఏదో రాలుతోంది. అదేమిటో నాకు చదువు వల్ల తెలుసు. వెచ్చని తీరజలాల్లో ఉండే ఒక జాతి రొయ్యలు పెద్ద పంజాను అతివేగంగా మూసినప్పుడు నీటిలో ఒక బుడగ పుట్టి, వెంటనే కుప్పకూలుతుంది; ఆ కూలడమే చప్పుడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో జలాంతర్గాముల జాడ వినేవారికి ఈ రొయ్యల రొద పెద్ద అడ్డంకి అయింది.

ఇదంతా చెప్పబోతూ ముందు హెడ్‌ఫోన్లు ఆయన చెవులకు పెట్టాను. నలభై ఏళ్లుగా ఆ నీటి మీద బతుకుతున్న మనిషి ఆ నీటి లోపలి చప్పుడు వినడం అదే మొదటిసారి. కళ్లు మూసుకుని చాలాసేపు విని, ‘చిటపటలాడిపోతందేటమ్మా!’ అన్నారు. ఏమిటి అది అని అడగలేదు. ఎక్కడి నుంచి వస్తోందనీ అడగలేదు. మరికాస్త సేపు విని, ‘కింద ఒకటి జుమ్మంటంది, అది మాత్రం నిలకడ’ అన్నారు. మా స్టూడియోలో మాకు నెలల తరబడి నేర్పిన వినికిడి ఆయన తొలి రెండు వాక్యాలలో ఉంది: ఒకటి దెబ్బల వరుస, ఒకటి సాగే ధ్వని, ఒకటి పైన, ఒకటి అడుగున, ఒకటి కదిలేది, ఒకటి నిలిచేది. రొయ్యల సంగతి ఆ తరవాత చెప్పాను. ఆయన ఆశ్చర్యపోయారు గాని, ఆ ఆశ్చర్యం మొదటిదానంత పెద్దది కాదు.

ఆ రికార్డింగును నాలుగో వంతు వేగానికి తగ్గించి విన్నప్పుడు చిటపట అనే మాట ఇక సరిపోలేదు. ఒక్కొక్క కణం విడిపోయి, టప్పు, టప్పు అని, ప్రతి దెబ్బ వెనుకా హార్బరు గోడల నుంచి వచ్చిన సన్నని తోక ఒకటి కనిపించింది. వేగం పెంచుకుంటూ పోతే మరో వింత. ఒక దెబ్బనే పదే పదే వినిపిస్తూ సెకనుకు 20 సార్లు దాటించేసరికి, విడి దెబ్బలు చెవికి అందడం మానేసి, అడుగున ఒక శ్రుతి మొదలవుతుంది. లయ ఎక్కడ ముగుస్తుందో, స్వరం అక్కడ పుడుతుంది. నా రచనకు మూలసూత్రం ఆ సరిహద్దే అయింది.

జూన్ 14 రాత్రి ఆ సరిహద్దు నా కళ్లెదుట, చెవులెదుట జరిగింది. సాయంత్రం నుంచి బోట్లకు పసుపు, కుంకుమ, పూలదండలు. కొబ్బరికాయలు కొట్టి గంగమ్మకు మొక్కుతున్నారు. ఐస్ దిమ్మలు మరలో పడి ముక్కలై బోట్ల అడుగుకు జారుతున్నాయి. అర్ధరాత్రి దగ్గర పడేసరికి ఒక ఇంజను దగదగ మొదలైంది. పక్కదానిలో మరొకటి. రెండూ దాదాపు ఒకే వేగం, పూర్తిగా ఒకటి కాదు. కాబట్టి వాటి మధ్య విస్పందనాలు పుట్టి, మొత్తం ధ్వని రెండు సెకన్లకొకసారి ఉబ్బి తగ్గుతోంది. తంబురా శ్రుతి చేసేటప్పుడు రెండు తీగలు కలిసే ముందు వినిపించే ఊపు అదే. పదో ఇంజను, ఇరవయ్యో ఇంజను మోగేసరికి ఆ ఊపులన్నీ ఒకదానిలో ఒకటి కలిసి, హార్బరు మొత్తం నెమ్మదిగా ఊపిరి తీసి వదులుతున్నట్టు అయింది. అరవై రోజులు మూగగా ఉన్న చోటు అలా శ్రుతి పట్టుకోవడాన్ని వింటూ, మైకు పట్టుకున్న చేయి వణకకుండా ఉంచడానికి నేను చాలా ప్రయాసపడ్డాను.

ఊరి చప్పుళ్లను వినడం గురించి కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో ముర్రే షేఫర్ అనే స్వరకర్త (ఫ్రెంచి షెఫేర్ వేరు) బృందం 1970లలో విస్తారంగా పనిచేసింది. ప్రతి ఊరికీ ఒక ఆధార శ్రుతి ఉంటుందని, అందులో బతికేవారు దాన్ని వినడం మానేస్తారని ఆయన చెప్పినది చదివినప్పుడు, నాకు 2014 అక్టోబరు 12 గుర్తుకు వచ్చింది. హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద విరుచుకుపడిన ఆదివారం అది. నేను తొమ్మిదో తరగతి. ఆ గాలి ధ్వనిని హోరు అంటే చాలదు. కిటికీ సందుల్లో ఈలగా, చెట్లలో ఘోషగా, గోడల్లో వినికిడికి అందని వణుకుగా, ఒకేసారి మూడు ఎత్తుల్లో వచ్చింది. కాని నేను మరచిపోలేనిది ఆ మరునాటి రాత్రి. కరెంటు లేదు. ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు, వీధిలో ట్రాన్స్‌ఫార్మరు, ఏవీ లేవు. కిలోమీటరు దూరంలో ఉన్న సముద్రం, పుట్టిన నాటి నుంచీ అక్కడే ఉన్నా మా ఇంట్లోకి ఎన్నడూ వినిపించనిది, ఆ రాత్రి మంచం పక్కనే ఉన్నట్టు వినిపించింది. కొన్ని రోజుల తరవాత కరెంటు వచ్చిన క్షణాన, సముద్రం మాయమై, దాని స్థానంలో గుయ్యిమనే సన్నని మోత నిలిచింది. మన విద్యుత్తు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్లు దానికి రెట్టింపు, 100 హెర్ట్జ్ దగ్గర మోగుతాయి. పుట్టిన నాటి నుంచీ వింటున్న మన ఊరి ఆధార షడ్జమం అదని తెలియడానికి అది కొన్ని రోజులు ఆగిపోవలసి వచ్చింది. నా రచనలో ఇంజన్లు మొదలయ్యే ముందు ఒక నిమిషం పాటు అడుగున ఉండే స్వరం ఆ 100 హెర్ట్జ్‌దే.

రచన పదకొండు నిమిషాలు వచ్చింది, ఎనిమిది స్పీకర్లకు. దాన్ని అక్కడ సమర్పించి, మార్కులు తెచ్చుకుని, వచ్చిన మూడు నెలలకు మా డాబా మీద నాలుగు స్పీకర్లకు కుదించి వినిపించాను. స్పీకర్లు మా వీధి చివరి సౌండ్ సర్వీసువారు ఇచ్చారు. బంధువులు, ఇరుగుపొరుగువారు, హార్బరు పెద్దాయన, ఆయన భార్య వచ్చారు. అందరినీ స్పీకర్ల మధ్య చాపల మీద కూర్చోబెట్టి దీపాలు ఆర్పాను. రెండు నిమిషాలయ్యాక మా మేనత్త మెల్లగా, ‘పాట ఎప్పుడు మొదలవుతుందే?’ అని అడిగింది. ఆ ప్రశ్న న్యాయమైనది. వేదిక మీద మనిషి, ఆ మనిషి గొంతు, ఆ గొంతులో ఒక పల్లవి ఉండాలని కచేరీ మనకు అలవాటు చేసింది. కాని తోలుబొమ్మలాటలో పాడేవాళ్లు తెర వెనుకే కదా ఉంటారు. యుద్ధఘట్టంలో కాళ్లతో చెక్కలను దడదడలాడిస్తే, ఆ దడదడ ఎవరి కాళ్లదని ఎవరూ అడగరు, అది యుద్ధమే అవుతుంది. మేనత్తకు అదే చెప్పాను. ఆమె మిగిలిన తొమ్మిది నిమిషాలూ కదలకుండా విని, చివర ఇంజన్లన్నీ కలిసే చోట నా చేయి పట్టుకుంది.

ఈ విద్య మీద మనసున్న విద్యార్థులు మన ఊరిలో ఉంటే, వారికి ఒక్కటి చెప్పగలను. ప్యూర్ డేటా, సూపర్‌కొలైడర్ రెండూ ఉచితం. మాట్లాడే గొంతును బాగా పట్టుకునే ఫోనైనా మొదలుపెట్టడానికి సరిపోతుంది. వణుకును విద్యుత్తుగా మార్చే పీజో బిళ్లకు రెండు తీగలు అతికించుకుంటే, గోడ లోపల, కిటికీ ఊచలో, కొబ్బరిచెట్టు మానులో నడిచే ధ్వని వినవచ్చు. ఎలక్ట్రానిక్స్ కొట్లలో అది కొద్ది రూపాయలకే దొరుకుతుంది. కర్ణాటక సంగీతం నేర్చుకుని ఉంటే దాన్ని వదలకండి, శ్రుతి మీద పట్టు ఈ పనిలో ప్రతి పూటా ఉపయోగపడుతుంది. దరఖాస్తుకు డిగ్రీతో పాటు మీరు చేసిన రెండు మూడు రచనలూ ముఖ్యం. విన్నదాన్ని తెలుగులో రాసుకోవడం ఈ రోజే మొదలుపెట్టండి.

నా పట్టిక ఇప్పుడు 340 మాటలకు చేరింది. ఐస్ మర ఎదురుగా మాత్రం ఇంకా ఖాళీయే. గరగర కాదు, కరకర కాదు. దిమ్మ పళ్లచక్రానికి తగిలిన క్షణాన పెద్ద విరుపు, వెంటనే వేల ముక్కల జారుడు, అడుగున తడి. పెద్దాయన భార్యను అడిగితే, ఒకసారి ఆలోచించి, ‘అది ఒక మాట కాదమ్మా, మూడు మాటలు’ అన్నారు. ఆ మూడూ ఏవో ఆమె మర పక్కనే నిలబడి చెబుతానన్నారు. జూన్ 14 సాయంత్రం, ఐస్ ఎక్కించే వేళకు మైకుతో రమ్మన్నారు.